ప్రాజెక్టు ఎంత ఆలస్యమవుతుందో శంకుస్థాపన నాడే పసిగట్టడం ఎలా

కొత్త వంతెన, మెట్రో లైను, సొరంగం, ఏది ప్రకటించినా పేపర్లో రెండు అంకెలు వస్తాయి. ఎంత ఖర్చవుతుంది, ఎప్పటికి పూర్తవుతుంది. ఆ రెండూ నిలబడవని అందరికీ తెలుసు. ఎందుకు నిలబడవని అడిగితే మాత్రం "తినేశారండీ" అని ఒక్క మాటతో తేల్చేస్తాం. తినేవాళ్లు లేరనను. కాకపోతే నా ఉద్యోగమంతా కాంట్రాక్టర్ల దగ్గర ప్లానింగ్ ఇంజనీరుగానే గడిచింది. పని షెడ్యూళ్లు వేయడం, అవి తప్పినప్పుడు ఎందుకు తప్పాయో ఉత్తరాలు రాయడం నా పని. అక్కడ కూర్చుని చూస్తే తెలిసిందేమిటంటే, ఎవరూ పైసా తినకపోయినా చాలా ప్రాజెక్టులు ఇలాగే నడుస్తాయి. మొదట చెప్పిన అంకే తప్పు కాబట్టి.

అంకె మొదటి రోజే తప్పయితే మొదటి రోజే పట్టుకోవచ్చు కూడా. దానికి ఇంజనీరింగ్ చదివి ఉండక్కర్లేదు, ఏ కాగితం అడగాలో తెలిస్తే చాలు. విలేకరులకు, ప్రజాభిప్రాయ సేకరణ సభల్లో లేచి ప్రశ్న అడగాలనుకునేవాళ్లకు, కొత్తగా ప్లానింగ్ సీట్లో కూర్చున్న కుర్రాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు ఆ అంకె పుట్టుక తెలుసుకోండి

ఖర్చు అంకె కనబడగానే అడగాల్సిన మొదటి ప్రశ్న, ఇది ఏ ఏడాది ధరల్లో చెప్పారు? బోస్టన్ నగరం మధ్యలో స్తంభాల మీద పోయే హైవేని భూమి లోపలికి దించిన 'బిగ్ డిగ్' సంగతే తీసుకోండి. మొదటి అంచనా 280 కోట్ల డాలర్లు. 2007 చివర్లో పూర్తయ్యేసరికి లెక్క సుమారు 1,460 కోట్ల డాలర్లకు చేరింది. ఐదు రెట్లు అని అందరూ గోల పెట్టారు. అయితే ఆ 280 కోట్లు 1982 ధరల్లో వేసిన లెక్క. తుది ఖర్చుని కూడా 1982 ధరల్లోకి మారిస్తే సుమారు 808 కోట్లు, అంటే మూడు రెట్లకు కాస్త తక్కువ. అది కూడా ఘోరమే అనుకోండి. కానీ ఐదు రెట్లకీ మూడు రెట్లకీ మధ్య ఉన్నదంతా ధరల పెరుగుదల. దాన్ని విడదీయకుండా తిడితే ఎవరిని తిడుతున్నామో మనకే తెలియదు.

తర్వాత, ఆ అంకెలో ఏమేం కలిపారో చూడండి. భూమి ఖర్చు ఉందా? అప్పు మీద వడ్డీ? పన్నులు? మెట్రో అయితే రైళ్లు, సిగ్నలింగ్, డిపో కలిపారా, సివిల్ పని ఒక్కటేనా? ఆ అంచనా వేసేనాటికి డిజైన్ ఎంతవరకు వచ్చింది? మ్యాపు మీద గీత గీసి కిలోమీటరుకి ఇంత అని గుణించిన లెక్కా, నేల పరీక్షలు చేసి డ్రాయింగులు గీశాక వేసిన లెక్కా? పేపర్లో రెండూ ఒకేలా కనబడతాయి.

ఇంకో చిన్న హెచ్చరిక. అంచనా దశాంశ స్థానాల దాకా ఉందని నమ్మేయకండి. పరిమాణాన్ని రేటుతో గుణిస్తే లెక్క పైసలతో సహా వస్తుంది. ఆ పరిమాణం ఎవరో కళ్లతో చూసి వేసిన అంచనా అయి ఉండొచ్చు. నన్నడిగితే "ఇంత నుంచి ఇంత దాకా అవ్వొచ్చు" అని రెండంకెలు చెప్పే ఇంజనీర్నే ఎక్కువ నమ్ముతాను.

పాత ప్రాజెక్టుల చరిత్రతో గుణించండి

డెన్మార్క్‌లోని ఆల్‌బోర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2002లో ఒక అధ్యయనం ప్రచురించారు. 20 దేశాల్లో కట్టిన 258 రవాణా ప్రాజెక్టుల లెక్కలు తీశారు. పదింట తొమ్మిదింటికి ఖర్చు అంచనా దాటింది. సగటున రైలు ప్రాజెక్టులు 45 శాతం, వంతెనలు, సొరంగాలు 34 శాతం, రోడ్లు 20 శాతం దాటాయి. అన్నిటికంటే ఆలోచించాల్సిన సంగతి ఇంకోటి ఉంది. ఆ ప్రాజెక్టులు సుమారు 70 ఏళ్ల కాలంలో కట్టినవి. అంతకాలంలోనూ అంచనాలు మెరుగుపడలేదు.

ఇదంతా ఉత్త పొరపాటే అయితే ఓసారి ఎక్కువ, ఓసారి తక్కువ రావాలి కదా. డెబ్బై ఏళ్లలో కాస్తయినా నేర్చుకోవాలి కదా. ఎప్పుడూ ఒకవైపే తప్పుతోందంటే, తక్కువ చెప్పినవాడికి లాభం ఉందన్నమాట. రెండు ఊళ్లు ఒకే నిధి కోసం పోటీ పడుతున్నాయనుకోండి. ఒకరు ఉన్నది ఉన్నట్టు చెప్పారు, ఇంకొకరు సగం చెప్పారు. నిధి ఎవరికి వెళ్తుంది? అలా ఎంపికలోనే నిజం చెప్పిన ప్రాజెక్టులు రాలిపోయి, అంచనా ఎక్కువ తగ్గించినవి మిగులుతాయి. శాన్‌ఫ్రాన్సిస్కో మాజీ మేయర్ విల్లీ బ్రౌన్ 2013లో ఒక పత్రికా వ్యాసంలో దీన్ని దాచకుండా రాసేశాడు. మొదటి బడ్జెట్ అనేది అడ్వాన్స్ లాంటిదే, ముందు గొయ్యి తవ్వడం మొదలుపెట్టాలి, దాన్ని పూడ్చడానికి డబ్బు తేవడం తప్ప వేరే దారి లేనంత పెద్దగా తవ్వాలి అన్నది ఆయన మాటల సారాంశం. పదవిలో ఉండి అనలేదు లెండి, దిగిపోయాక.

మరి మీరేం చేయాలి? బ్రిటన్ రవాణా శాఖ 2004లో దీనికో పద్ధతి తెచ్చింది. అదే రకం పాత ప్రాజెక్టులు ఎంత దాటాయో చూసి, కొత్త అంచనాకి అంత ముందే కలపమంది. అప్పటి లెక్క ప్రకారం రైలు ప్రాజెక్టు అంచనా 100 అనుకుంటే, దానికి 40 కలిపి 140 అనుకోవాలి. అప్పుడు కూడా ఆ 140 లోపు పూర్తయ్యే అవకాశం సగమే. ఎనభై శాతం నమ్మకం కావాలంటే 157. రోడ్లకైతే ఇవే అంకెలు 115, 132. వంతెనలు, సొరంగాలకి 123, 155. పేపర్లో రైలు లైను ఖర్చు కనబడగానే నేను మనసులో ఒకటిన్నరతో గుణించుకుంటాను. "మా ప్రాజెక్టు ప్రత్యేకం, దానికీ దీనికీ పోలిక లేదు" అని అధికారులు అంటే ఇంకాస్త కలుపుకోండి. ప్రతి ప్రాజెక్టు వాళ్లూ ఆ మాటే అంటారు.

తేదీ ఎలా కుదించుకుపోతుందంటే

దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఇది నా వంటిల్లు కాబట్టి.

వంతెన షెడ్యూలులో ఒక్కో పనికి ఒక్కో లైను ఉంటుంది. నేలలోకి పైల్ (పునాది స్తంభం) వేయాలి, దాని మీద పైల్ క్యాప్ (దిమ్మె), ఆపైన పియర్ (వంతెన స్తంభం), పియర్ క్యాప్ (స్తంభం తల), చివరికి గిర్డర్ (దూలం). ఒకటి అయ్యాకే ఇంకోటి. ఉన్నదున్నట్టు వేస్తే 41 నెలలు వచ్చిందనుకోండి. టెండర్లో గడువు 30 నెలలని రాసి ఉంది. ఆ 30 ఎక్కణ్నుంచి వచ్చిందో కూపీ లాగితే ప్రారంభోత్సవం ఎప్పుడు పెట్టుకోవాలన్న లెక్క దగ్గర తేలుతుంది. పైనుంచి ఫోనొస్తుంది, "ముప్పైలో కూర్చోబెట్టు".

కూర్చోబెట్టడం గంట పని. మూడు షట్టరింగ్ సెట్లు (కాంక్రీటు పోసే అచ్చులు) ఉన్నచోట ఆరు అని కొడతాం, కాగితం మీద. పియర్ క్యాప్‌కి 14 రోజులుంటే 9 చేస్తాం. వానల నెలల్లో పని సగానికి పడిపోతుందని పెట్టిన క్యాలెండర్ తీసేసి మామూలు క్యాలెండర్ పెడతాం. డ్రాయింగ్ అప్రూవల్‌కి నాలుగు వారాలుంటే రెండు. భూమి చేతికొచ్చే తేదీ మొదటి రోజే. చార్టు ముప్పైలో చక్కగా కూర్చుంటుంది, రంగుల్లో ప్రింట్ తీసి సంతకాలు పెడతారు. ఒక్కో మార్పు విడిగా చూస్తే ఏదీ అసాధ్యం కాదు. అన్నీ కలిసి జరగడమే అసాధ్యం. పది పనులున్నాయి, ఒక్కోటి సమయానికి అయ్యే అవకాశం 90 శాతం అనుకుందాం. పదీ సమయానికి అయ్యే అవకాశం 35 శాతమే. ఆ చార్టులో ఉండేవి పది కాదు, కొన్ని వేల లైన్లు.

కాబట్టి షెడ్యూలు చేతికొస్తే మొదట ఫ్లోట్ చూడండి, అంటే ఏ పనికి ఎంత వెసులుబాటు ఉందో. దాదాపు ప్రతి లైనుకీ సున్నా ఉంటే అది తేదీ ముందు పెట్టుకుని వెనక్కి నింపిన చార్టు. తర్వాత వానలకి, మంచుకి, సెలవులకి ఏమైనా వదిలారా చూడండి. చార్టు దొరక్కపోతే ఒకే ప్రశ్న అడగండి, "ఈ తేదీ రావాలంటే వచ్చే మూడు నెలల్లో తప్పనిసరిగా అయిపోవాల్సిన పని ఏది?" టక్కున జవాబు రాకపోతే ఆ షెడ్యూలుని రోజూ చూసేవాళ్లు ఎవరూ లేరని అర్థం.

తేదీని పట్టుకుని వేలాడితే ఏమవుతుందో బెర్లిన్ బ్రాండెన్‌బర్గ్ విమానాశ్రయం చూపించింది. 2012 జూన్ 3న ప్రారంభమని ఆహ్వానాలు వెళ్లాయి. మంటలొస్తే పొగని బయటికి లాగే వ్యవస్థ పనిచేయడం లేదు. దాని బదులు తలుపుల దగ్గర మనుషుల్ని నిలబెట్టి చేత్తో తెరిపిద్దామని కూడా ఆలోచించారు. ప్రారంభానికి నాలుగు వారాలు కూడా లేదనగా వాయిదా వేశారు. తెరిచింది 2020 అక్టోబర్ 31న.

నేల సంగతి

"తొంభై శాతం భూసేకరణ పూర్తయింది" అనే వాక్యం విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. మిగిలిన పది శాతం ఎక్కడుందన్నదే అసలు ప్రశ్న. అది ఒక చివర ఒకే ముక్కగా ఉంటే నష్టం లేదు. పది చోట్ల చిన్నచిన్న ముక్కలుగా ఉంటే పొడుగాటి యంత్రాలు దాటి వెళ్లలేవు, గిర్డర్లు మోసుకెళ్లే దారి ఉండదు, మొత్తం లైను ఆగిపోతుంది. అందుకని శాతం అడక్కండి. అడ్డం లేకుండా ఒకే వరసలో ఎన్ని కిలోమీటర్లు చేతికొచ్చాయో అడగండి. కాలిఫోర్నియా హైస్పీడ్ రైలుకి 2008లో ఓటర్లు ఆమోదం తెలిపారు. అవసరమైన భూమి చేతికి రాకుండానే, యుటిలిటీల (దారిలో అడ్డొచ్చే పైపులు, కేబుళ్ల) సంగతి తేలకుండానే పనులు మొదలుపెట్టారని, ఖర్చు పెరగడానికి అదో కారణమని ఆ రాష్ట్ర ఆడిటరే 2018లో రాశారు.

ఆ తర్వాతది యుటిలిటీ షిఫ్టింగ్, అంటే వాటిని పక్కకి జరపడం. రోడ్డు కింద నీళ్ల పైపు, మురుగు లైను, కరెంటు కేబులు, ఫోన్ కేబులు, గ్యాసు ఉంటాయి. ఒక్కోదానికి ఒక్కో యజమాని, ఎవరి డ్రాయింగు వారిది. ఆ డ్రాయింగుల్లో కేబులు ఫుట్‌పాత్ అంచున ఉంటుంది. ట్రయల్ పిట్ (పరీక్షగా చిన్న గుంట) తవ్వితే రోడ్డు మధ్యలో, అదీ ఎవరిదో తెలియనిది బయటపడుతుంది. అది జీవమున్న కేబులో చచ్చిందో తేల్చడానికే మూడు ఆఫీసులకి ఉత్తరాలు పోవాలి. మనిషిని పెట్టి పలుగూ పారతో జాగ్రత్తగా తవ్వించే ఆ గుంటలకి అయ్యే ఖర్చు, మొత్తం ప్రాజెక్టులో లెక్కలోకే రాదు. టెండర్‌కి ముందు ఎన్ని తవ్వారని అడిగి చూడండి. మౌనం వింటారు.

నేల కిందిది తెలియకపోవడం ఒక రకం. తెలిసిందే అడ్డొచ్చిన కథ సియాటిల్‌ది. అక్కడ హైవే సొరంగం కోసం 17 మీటర్లకి పైగా వ్యాసమున్న యంత్రాన్ని దింపారు, పేరు బెర్తా. 2013 డిసెంబరులో ఒక ఉక్కు పైపుని గుద్దుకుంది, ఆ వెంటనే యంత్రం వేడెక్కి ఆగిపోయింది. ఆ పైపు ఎవరిదయ్యా అంటే, ఆ సొరంగం కట్టిస్తున్న రవాణా శాఖదే. భూగర్భ జలాల పరీక్ష కోసం 2002లో వాళ్లే వేయించారు. యంత్రం ముందుకు కొత్త గొయ్యి తవ్వి, ముందుభాగం పైకి లేపి బాగుచేసి, మళ్లీ తవ్వకం మొదలుపెట్టేసరికి రెండేళ్లు. పైపు సంగతి కాంట్రాక్టు కాగితాల్లో ఉందా లేదా అన్న గొడవ కోర్టుకెక్కింది. 2019లో జ్యూరీ రాష్ట్రం పక్షాన తీర్పిచ్చింది. ఈ కథలో నాకు కనబడేది యంత్రం కాదు, ఎక్కడో అనుబంధంలో ఉన్న ఒక పట్టికలో ఆ పైపు గురించిన లైను. టెండర్ వేసే నెలరోజుల్లో అలాంటి పట్టికలు ఎవరు చదువుతారు?

టెండర్ రేట్లు చదవడం

డ్రాయింగులు పూర్తికాకుండా పని మొదలుపెడితే ఏమవుతుందో సిడ్నీ ఒపెరా హౌస్ చూసి చెప్పొచ్చు. పైకప్పు ఎలా కట్టాలో తేలకుండానే 1959లో పునాదులు మొదలుపెట్టారు. తర్వాత తేలిన పైకప్పు బరువుకి కింద కట్టిన స్తంభాలు ఆగవని తెలిసి మళ్లీ కట్టారు. 70 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లతో 1963కి అవుతుందన్నది 10.2 కోట్లతో 1973లో పూర్తయింది. ఇది అందరూ చెప్పే కథే. బయటికి కనబడనిది బీవోక్యూలో, అంటే ఒక్కో పనికి పరిమాణం, రేటు రాసే టెండర్ పట్టికలో జరిగే ఆట.

ఉదాహరణకి తవ్వకం పని. టెండర్లో మట్టి 90 వేల ఘనపు మీటర్లు, రాయి 10 వేలు అని ఇచ్చారు. మామూలు రేటు ఘనపు మీటరుకి మట్టికి 100, రాయికి 500 అనుకుందాం. మామూలుగా వేసినవాడి మొత్తం 140 లక్షలు. అక్కడ రాయి ఎక్కువే తగులుతుందని వాసన పట్టినవాడు మట్టికి 70, రాయికి 700 వేస్తాడు. అతని మొత్తం 133 లక్షలు. అతనే ఎల్‌వన్, అంటే అందరికంటే తక్కువ వేసినవాడు, పని అతనిదే. తవ్వేసరికి మట్టి 60 వేలు, రాయి 40 వేలు తేలింది. మామూలు రేట్లయితే 260 లక్షలయ్యేది, ఇతనికి 322 కట్టాలి. చౌకగా వచ్చాడని తీసుకున్నవాడే ఎక్కువ పడ్డాడు, ఒక్క నిబంధన కూడా తప్పకుండా. తప్పు రాయిది కాదు, నేల పరీక్షకి బోర్‌హోల్స్ నాలుగు వేయాల్సిన చోట ఒకటి వేసి పరిమాణం రాసినవాళ్లది.

రేట్లు చూసే అవకాశం దొరికితే, మామూలు ధరకి బాగా ఎక్కువున్న ఐటమ్‌ల పక్కన పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. పరిమాణాలు పెరగబోయేవి అవే. పరిమాణం ఇంత శాతం దాటితే రేటు మళ్లీ మాట్లాడుకోవాలనే క్లాజు ఉందేమో కూడా చూడండి. టెండర్లో అసలు లేని పని మధ్యలో వస్తే, అది ఎక్స్‌ట్రా ఐటమ్. అప్పటికి పోటీదారు ఎవరూ ఉండరు, ఒక్కడితోనే బేరం.

పని సగంలో ఉన్నప్పుడు

సైట్‌లో హిండ్రెన్స్ రిజిస్టర్ అని ఒక పుస్తకం ఉంటుంది. ఏ రోజు నుంచి ఏ రోజు దాకా ఏ కారణంతో పని ఆగిందో అందులో రాసి ఇరుపక్షాలూ సంతకం పెడతారు. నెలవారీ ప్రగతి నివేదిక కంటే దాన్నే నమ్ముతాను. నివేదికలో ఫొటోలుంటాయి, ఇందులో తేదీలుంటాయి. ఫ్రంట్ (పనిచేసే చోటు) ఇవ్వలేదు, డ్రాయింగ్ రాలేదు, బిల్లు పడలేదు అని వరసగా ఉంటే, గడువు పొడిగింపు దరఖాస్తు ఇప్పటికే సగం తయారైనట్టే.

ఇంక "తొంభై శాతం పూర్తి" అనే మాట. ఆ శాతం సాధారణంగా చెల్లించిన డబ్బుని బట్టి వేసింది. కాంక్రీటు, ఉక్కు ముందు అయిపోతాయి, వాటికే డబ్బెక్కువ. చివర మిగిలేవి సిగ్నలింగ్, సాఫ్ట్‌వేర్, మంటల అలారాలు, అన్నిటినీ కలిపి పరీక్షించడం. డబ్బులో తక్కువ, నెలల్లో ఎక్కువ. లండన్ క్రాస్‌రైల్ అనే కొత్త రైలు లైను 2018 డిసెంబరులో తెరవాలి. ఆగస్టు దాకా బయటికి ఏమీ చెప్పలేదు, అప్పుడు వాయిదా అన్నారు. ఒకే రైలు మూడు రకాల సిగ్నలింగ్ వ్యవస్థల మీదుగా వెళ్లాలి, స్టేషన్లూ పూర్తికాలేదు. ప్రయాణికులు ఎక్కింది 2022 మే 24న. కాబట్టి శాతాన్ని పక్కన పెట్టి, పరీక్షలకి ఎన్ని నెలలు ఉంచారో అడగండి. సివిల్ పని ఆలస్యమైనప్పుడల్లా ఆ నెలలు తగ్గిపోతూ, చివరి తేదీ మాత్రం కదలకుండా ఉంటే, ఇంక సందేహమే అక్కర్లేదు.

బాగా జరిగినవీ లేకపోలేదు. మాడ్రిడ్ మెట్రో 1995 తర్వాత ఎనిమిదేళ్లలో వంద కిలోమీటర్లకి పైగా విస్తరించింది. ఒకే తరహా స్టేషన్ డిజైన్ మళ్లీ మళ్లీ వాడారు, ఒకేసారి చాలా సొరంగ యంత్రాలు నడిపారు, కొత్త రకం టెక్నాలజీల జోలికి పోలేదు. ప్రకటనలో "దేశంలోనే మొదటిసారి", "ప్రపంచంలోనే పొడవైన" లాంటి మాటలుంటే నాకు టెన్షన్ మొదలవుతుంది. "పోయిన లైనుకి వాడిన డిజైనే" అని ఉంటే కాస్త ఊపిరి పీల్చుకుంటాను.

చివరగా చేయాల్సిన పని ఒకటుంది, అది ఇవాళే చేయండి. మొదటి ప్రకటన కాగితాన్ని తేదీతో సహా దాచుకోండి. డబ్బు, గడువు మాత్రమే రాసుకుంటే చాలదు, ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని స్టేషన్లు, ఎక్కణ్నుంచి ఎక్కడికి అన్నది కూడా రాసుకోవాలి. ఎందుకంటే అంచనా సవరిస్తూ పోతారు, ఆఖరికి "సవరించిన అంచనాకి లోబడి పూర్తి" అని ప్రకటన వస్తుంది. ఎడిన్‌బరో ట్రామ్ 2014లో 77.6 కోట్ల పౌండ్లతో తెరిచారు, మొదట అనుకున్నది 37.5 కోట్లు. డబ్బు ఒక్కటే చూసినవాళ్లు రెట్టింపు అయిందని రాశారు. అనుకున్న లైను న్యూహేవన్ దాకా. ఆ రోజు తెరిచింది దారి మధ్యలోని యార్క్ ప్లేస్ దాకానే. మిగిలిన ముక్క 2023లో వచ్చింది, దాని ఖర్చు వేరే. అసలు ఇలా ఎందుకైందో తేల్చమని 2014లో వేసిన విచారణ నివేదిక కూడా ఆ ఏడాదే వచ్చింది. విచారణకే తొమ్మిదేళ్లు, కోటీ ముప్పై లక్షల పౌండ్లు.